డ్రైవరు కూర్చున్న పక్క

మామగారి సూట్‌కేసు గుమ్మం దాకా వచ్చేసింది.

ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని బూట్లు తొడుక్కుంటున్నారు. ఒక కాలు అయింది. రెండో బూటు ఒళ్లో పెట్టుకుని, మరమ్మతుకి వచ్చిన సామానులా తిప్పి తిప్పి చూస్తున్నారు.

“టీ తెచ్చాను మామయ్యా,” అంది చిట్టి.

“అక్కడ పెట్టమ్మా.”

పొద్దున తెచ్చిన టీ కిటికీ గట్టు మీద మీగడ కట్టి ఉంది. చిట్టి ఈ కప్పు కూడా దాని పక్కనే పెట్టింది.

“ఎక్కడికి నాన్నా?” ఆమె భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దుట్నుంచి ఈ మాటే అడుగుతున్నాడు.

“మీ అత్త దగ్గరికి.”

“ఎన్నాళ్లు?”

“అది మీ అత్తే తేల్చాలి. పోయినసారి వారం తిరక్కుండానే నా దుప్పటి ఉతికి మడతపెట్టి చేతికిచ్చింది.”

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

బల్ల మీద ఆదివారం పేపరు ఉంది. పారేస్తే ఒక తప్పు, దాస్తే ఇంకో తప్పు అన్నట్టు ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. పై సగం నిండా 808 నంబరు ఆవిరి ఇంజిను. డ్రైవరు కిటికీలోంచి ముందుకి చూస్తే కనపడే దృశ్యం. పొడుగాటి నల్లటి బాయిలరు, దాని మీద నూనె చారికలు, ఎడమకి వంపు తిరిగే పట్టాలు. ఆ వంపు సగం బాయిలరు చాటునే ఉండిపోయింది. చూసినవాళ్లంతా ఫొటో అనుకున్నారు. ఫొటో కాదు. ఎప్పుడో తుక్కు కింద కరిగిపోయిన ఇంజినుని చిట్టి కంప్యూటర్లో మేకు మేకు పేర్చి మళ్లీ నిలబెట్టింది.

బొమ్మ కింద నాలుగు వాక్యాలు. ఆగి ఉన్న గూడ్సు బండిని 808 గుద్దిన ఆనాటి ప్రమాదంలో డ్రైవరు తప్పేమీ లేదని ఇప్పుడు తేలిందట. సిగ్నల్ ఎడమ పక్క, డ్రైవరు కుడి పక్క, మధ్యలో బాయిలరు. ఎడమ పక్కన నిలబడి బొగ్గు వేసే ఫైర్‌మనే సిగ్నల్ చూసి కేకేసి చెప్పి ఉండాల్సిందట.

ఆ డ్రైవరు చిట్టి తాతయ్య. ఆ ఫైర్‌మన్ మామగారి తండ్రి. ఇద్దరూ ఆ ఇంజిను మీదే పోయారు.

“ఆ రాతలు నావి కావు మామయ్యా. నేను బొమ్మ మాత్రమే ఇచ్చాను.”

“బొమ్మ చాలమ్మా. మాటలు ఎవరైనా రాసుకుంటారు.” ఆయన గొంతులో కోపం లేదు. “నిన్న సెలూన్‌కి వెళ్లాను. మెడ మీద కత్తి పెట్టి అడిగాడు, బొగ్గేసే ఆయన నిద్రపోయాడాండీ అని. కత్తి కింద మనిషి ఏమని జవాబు చెప్తాడు?”

చిట్టి పమిటంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. పొద్దుట్నుంచి నాలుక చివర ఉన్న మాట ఇది. ఇంకో నిమిషం ఆగితే ఆయన రెండో బూటు కూడా తొడుక్కుంటారు.

“ఆ బొమ్మ తప్పు మామయ్యా.”

బూటు ఆయన ఒళ్లోంచి జారి నేల మీద పడింది.

“తప్పంటే?” అన్నాడు భర్త.

“తిరగేసి ఉంది. మొత్తం ఇంజినే తిరగేసి ఉంది.”

ఆయన ముఖం తేటపడుతుందనుకుంది చిట్టి. తేటపడలేదు. రక్తం దిగిపోయినట్టు పాలిపోయింది.

“నాకిప్పుడు బొమ్మలు వద్దమ్మా,” అని ఆయన తలుపు వైపు తిరిగి కూర్చున్నారు.

* * *

చిట్టి పనిచేసే గది చిన్నది. ఒక బల్ల, రెండు స్క్రీన్లు, కిందనున్న కంప్యూటరు రొద. గోడ నిండా చక్రాలు, గొట్టాలు, తుప్పు పట్టిన రేకుల ఫొటోలు. పెళ్లయిన కొత్తలో భర్త ఈ గదికి ‘షెడ్డు’ అని పేరు పెట్టాడు. ఇవాళ ఆ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“చెప్పు.”

“808కి మిగిలింది ఒక్క ఫొటో. ఈ బొమ్మ చేయమన్న రైల్వే మ్యూజియం వాళ్లిచ్చిందే. ఇంజిను ముందు తాతయ్యలిద్దరూ నిలబడ్డ ఫొటో.” చిట్టి దాన్ని స్క్రీన్ మీదికి తెచ్చింది. “రేపు మ్యూజియం ప్రారంభానికి ఈ ఇద్దరి బొమ్మలు కూడా చేసిమ్మన్నారు. పొద్దున చొక్కాలు కుడుతున్నాను.”

“కంప్యూటర్లోనా?”

“ఇందులో చొక్కా అంటే రంగు పూయడం కాదు. చేతులు వేరే, మెడపట్టీ వేరే కత్తిరించి, అతికి, మనిషికి తొడగాలి. అప్పుడే ముడతలు నిజంలా పడతాయి. జేబు దగ్గరికొచ్చాను. అలవాటు కొద్దీ ఎడమ పక్క కుట్టాను. ఫొటోతో పోలిస్తే సరిపోలేదు. చూడు, ఇద్దరికీ జేబు కుడి పక్కనుంది.”

అతను వంగి చూశాడు. తన చొక్కా జేబు వైపు చూసుకున్నాడు.

“ఒకరికైతే దర్జీ వంకరబుద్ధి అనుకుంటాం. ఇద్దరికీ ఎలా ఉంటుంది? ఫొటో కడిగినవాడు ఫిల్ము తిరగేసి పెట్టాడు. ఎడమది కుడి అయింది.”

“నంబరు తిరగబడాలి కదా?”

“ఎనిమిది, సున్నా, ఎనిమిది. ఎటునుంచి చూసినా అదే. ఇంకే నంబరైనా మొదటి రోజే పట్టుకునేదాన్ని.”

బాయిలరు పక్కన సాగిన ఒక పొడుగాటి ఇనుప కడ్డీ మీద ఆమె వేలు పెట్టింది. ఇంజినుని ముందుకో వెనక్కో నడిపించే లీవరుకి తగిలించే కడ్డీ అది. అది ఏ పక్కనుంటే డ్రైవరు ఆ పక్క. ఫొటోలో అది ఇంజినుకి కుడి పక్కనుంది కాబట్టి తాతయ్య సీటు కుడి పక్క పెట్టింది. ఫొటో తిరగేస్తే కడ్డీ ఎడమకి వెళ్తుంది. సీటూ ఎడమకే వెళ్తుంది.

“ఇప్పుడు సీటు ఎడమకి మార్చాను. అదిగో, బొమ్మ తయారవుతోంది.”

రెండో స్క్రీన్ మీద నలుపు మెల్లిగా వెలుగవుతోంది. చిన్న చిన్న చదరాలుగా బొమ్మ పైకి తేలుతోంది. ఒక చదరంలో ఆకాశం. ఒక చదరంలో ఇత్తడి గొట్టం మీద ఎండ. పట్టా తళుకు. వంపు. నూనె మరక. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. బొమ్మలో ఎడమ పక్క చివరి చదరాలు నింపాదిగా, ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి.

వంపు లోపల ఒక సిగ్నల్ స్తంభం. స్తంభం మీద ఎర్ర రెక్క, అడ్డంగా. ఆగమని.

దాని ముందు ఏ అడ్డమూ లేదు. అద్దం మీద బొట్టు పెట్టినంత స్పష్టంగా ఉంది.

“కనపడుతోంది,” అన్నాడు భర్త.

“తాతయ్యకి కనపడింది. ఫైర్‌మన్‌కే బాయిలరు అడ్డం.” అంది చిట్టి. “మ్యూజియానికి ఈ బొమ్మ పంపిస్తాను. వెళ్లొద్దని మామయ్యకి నువ్వు చెప్పు.”

అతను సీటు మార్చకముందు బొమ్మ, మార్చిన తర్వాత బొమ్మ, రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

“రెండూ నిజంలానే ఉన్నాయి.”

“ఒకటి తప్పు.”

“ఏది తప్పో నువ్వు చెప్తేనే కదా మాకు తెలిసేది. ఆదివారం బొమ్మ మీ తాత తప్పు లేదంది, నమ్మాం. ఇవాళ మా తాత తప్పు లేదంటోంది, నమ్మాలి. నాన్న సూట్‌కేసు బయటికొచ్చిన పొద్దునే నీకు జేబు కనపడింది.”

“అంటే?”

“అడుగుతున్నాను, అంతే. ఇల్లు నిలబెట్టుకోడానికి తిప్పావా?”

చిట్టికి చెంప మీద కొట్టినట్టయింది. “మా తాతయ్యని దోషిని చేసి ఇల్లు నిలబెట్టుకుంటానా?”

“చేస్తావు. నువ్వు అలాంటిదానివే. నాన్న చెప్పులరిగేలా మీ ఇంటి చుట్టూ తిరిగి తెచ్చుకున్న కోడలివి. ఆయన కోసం ఏమైనా చేస్తావు.” మెచ్చుకోలులా మొదలైన మాట చివరికొచ్చేసరికి నిష్ఠూరమైంది. “మాకు దానం వద్దు చిట్టీ.”

“దానం కాదు. జేబు.”

“నాన్నకి నువ్వే చెప్పుకో, నమ్ముతారేమో.”

అతను పెరటి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీద ఫోను మోగింది. మ్యూజియం అధికారి. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ మాట్లాడే మనిషి.

“అమ్మా, గోడంత సైజులో అచ్చుకి పంపిస్తున్నాం. ముందు ఇచ్చిన ఫైలే కదా? ఖాయమే కదా?”

“ఒక చిన్న మార్పుంది సార్.”

అటు నమలడం ఆగింది. “ఎంత చిన్నది?”

“ఎడమ కుడి అయింది.”

“అది చిన్నదా అమ్మా?” ఆయన నీళ్లు తాగిన చప్పుడు. “పేపర్లో వచ్చేసింది. మీ నాయనమ్మగారిని రేపు వేదిక మీద కూర్చోబెడుతున్నాం. మార్చేదేదో సాయంత్రంలోపు పంపండి. పంపకపోతే పాతదే గోడెక్కుతుంది. నాకు మీ మాటే ప్రమాణం.”

పంపకపోతే పాతదే. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, తాతయ్య నిర్దోషిగా గోడెక్కుతాడు. చిట్టి ఫోను బోర్లా పెట్టింది.

* * *

ముందుగదిలో చేతికర్ర చప్పుడయింది.

“ఏరా చిన్నోడా, పారిపోతున్నావట?”

చిట్టి నాయనమ్మ, ఆ డ్రైవరు భార్య. రెండు వీధుల అవతల పెద్దకొడుకింట్లో ఉంటుంది. ఈ ఇంటి సంగతి ఆ ఇంటికి చేరడానికి ఫోను కూడా అక్కర్లేదు, పాలవాడు చాలు.

“లేదు పెద్దమ్మా. చెల్లెలు రమ్మంది.”

“మీ చెల్లెలు తన మొగుడినే రెండు రోజులు భరించలేదు, నిన్ను రమ్మందా? కూర్చో. నేను లోపలికెళ్లొచ్చేదాకా కదిలావంటే ఈ కర్రకి పని చెప్తాను.”

అరవై దాటిన మామగారు చెప్పినట్టే కూర్చున్నారు. తండ్రి పోయిన నాటినుంచీ ఆవిడకి ఆయన చిన్నోడే. ఆవిడ ఇంట్లో బల్బు పోయినా, మందులు అయిపోయినా, కన్నకొడుకుల కంటే ముందు పరుగెత్తింది ఆయనే.

నాయనమ్మ షెడ్డులోకి వచ్చి, చిట్టి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కళ్లజోడు పైకి తోసుకుని స్క్రీన్‌కేసి చూసింది.

“ఇంజిను మరీ ఇంత మురికిగా చేశావేం? మీ తాత రోజూ తుడిచేవాడు. నా వంటగిన్నెలు కూడా అంత మెరిసేవి కావు.”

“మురికి లేకపోతే నిజంలా ఉండదు నాయనమ్మా.”

“నిజమే అలా లేకపోతే?”

చిట్టి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. జేబు సంగతి చెప్పింది. కడ్డీ సంగతి చెప్పింది. సీటు ఎడమకి రావడం చెప్పింది. ప్రతి మాటకీ ఆవిడ ముఖంలో ఏదో ఒకటి విరుగుతుందని భయపడుతూ చెప్పింది. ఇన్నేళ్లూ ‘సిగ్నల్ చూసుకోనివాడి పెళ్లాం’గా బతికిన మనిషి. ఆదివారం పేపరు గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి.

నాయనమ్మ ఎర్ర రెక్క వైపు చాలాసేపు చూసింది.

“అయితే ఆ సీట్లోంచి కనపడిందన్నమాట.”

“కనపడింది.”

“ఊ.” ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “మరి పంపించు. ఇంకా నా ముఖం చూస్తూ కూర్చున్నావేం?”

“తాతయ్యదే తప్పని మళ్లీ రాస్తారు నాయనమ్మా.”

“ఇన్నాళ్లూ రాసిందేగా. చదివి చదివి నాకు కంఠతా వచ్చింది.”

“ఆదివారం అంత సంతోషపడ్డావు. ఏడ్చేశావు.”

“సంతోషపడి ఏడ్చానని నీకెవరు చెప్పారే?”

చిట్టి తలెత్తింది.

“పేపరు చూడగానే చిన్నోడి ముఖం గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది.” ఆవిడ మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. “సీట్లో మనిషిని పెట్టలేదేం?”

“చూసేవాళ్లు తామే డ్రైవరు అనుకోవాలని. అందుకే ఖాళీ.”

“మంచి పని చేశావు. ఖాళీగానే ఉండనీ. ఎవర్నీ పెట్టకు. రేపు ఎవరైనా అడిగినా పెట్టకు.”

ఆ మాట అన్న తీరు చిట్టికి నచ్చలేదు. రెండుసార్లు మేకు కొట్టినట్టు అంది.

“ఎందుకు నాయనమ్మా?”

నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

“ఆ సీట్లో ఉన్నది తాతయ్యే కదా?”

నాయనమ్మ కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“వంతెన దాటాక మీ తాత లేచేవాడు,” అంది చివరికి. “ఫైర్‌మన్ కుర్రాడికి డ్రైవరు పరీక్ష దగ్గరపడింది. చేతికి అలవాటు కాకపోతే పరీక్షలో వణుకుతాడే, పుస్తకం చదివితే ఇంజిను మాట వింటుందా అనేవాడు. తన సీటు వాడికిచ్చి, తను బొగ్గు వేసేవాడు. రూల్సు ఒప్పుకోవు. తనకి నేర్పినవాడూ అలానే నేర్పాడు. పాపం, వాడి చెయ్యి మంచిదని ఒకటే పొగడ్త.”

“ఆ రోజు కూడానా?”

“ఆ రోజు క్యారేజీ సర్దుతుంటే అన్నాడు, ఇవాళ వంతెన దగ్గర్నుంచి చివరిదాకా వాడికే ఇస్తానని.”

చిట్టి బాయిలరు కొలిచింది. వంపు కొలిచింది. సిగ్నల్ ఎత్తు కొలిచింది. సీట్లో ఎవరున్నారన్నది మాత్రం కొలవలేదు.

“విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికి చెప్పమంటావు? వాడి పెళ్లాం అదే వరండాలో, అదే బెంచీ మీద, నా పక్కనే కూర్చుంది. ఒళ్లో పసిపిల్ల. పక్కన వీడు, స్కూలు సంచి భుజానికి తగిలించుకుని. లోపలికి పిలిచారు. మీ ఆయన అలవాటుగా జాగ్రత్తపరుడేనా అని అడిగారు. అవునన్నాను. ఇంకేం అడగలేదు. నేనూ ఇంకేం చెప్పలేదు.”

“పెద్దమ్మా.”

గుమ్మంలో మామగారు. ఒక కాలికే బూటు ఉంది. తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డారు.

“మీకు తెలుసా?”

నాయనమ్మ నెమ్మదిగా తిరిగింది. “నీకు తెలుసా చిన్నోడా?”

“ఆ పొద్దున నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఇవాళ బండి నేనే నడుపుతాను, ఎవరికీ చెప్పొద్దన్నాడు.” ఆయన గొంతులో ఆ పిల్లవాడు ఇంకా ఉన్నాడు. “చెప్పలేదు పెద్దమ్మా. మిమ్మల్ని వీధిలో ఏమేమి అన్నారో అన్నీ విన్నాను. అయినా చెప్పలేదు.”

“నేను చెప్తే నువ్వు విరిగిపోతావని నేను ఊరుకున్నానురా.”

“నేను చెప్తే మీరు మా గుమ్మం తొక్కరని నేను ఊరుకున్నాను.”

ఇద్దరూ ఒకరినొకరు కొత్తవాళ్లలా చూసుకున్నారు.

మామగారు లోపలికి వచ్చారు. మొదటిసారి స్క్రీన్ వైపు చూశారు. ఎర్ర రెక్క. ముందు ఖాళీ కుర్చీ అంచు.

“నీ తాత మీదికి వస్తుందని తెలిసి కూడా బొమ్మ సరిచేశావు,” అన్నారు కోడలితో. “ఇప్పుడు నేను నోరు మూసుకుని కూర్చుంటే, నువ్వు పెట్టే భోజనం నా గొంతు దిగదు. ఆ సీటు ఖాళీగా పంపకమ్మా. మా నాన్నని కూర్చోబెట్టు.”

“కూర్చోబెట్టకు,” అంది నాయనమ్మ. “ఖాళీగానే పంపు.”

“పెద్దమ్మా...”

“ఆయన ఇచ్చిన సీటు అది. ఇచ్చింది ఆయన తప్పు, కూర్చోవడం వాడి తప్పు కాదు. నా మొగుడి తప్పు నేను మోయగలను. నువ్వు దాన్ని ఎత్తుకుపోకు.”

“నేను కూడా మోయాలి కదా. ఎప్పుడు మోయను?”

ఇద్దరూ ఒక్కసారే చిట్టి వైపు చూశారు. ఆమె చెయ్యి మౌస్ మీద ఉంది. ఎందుకుందో ఆమెకే తెలియలేదు.

అప్పుడు పెరటి తలుపు దగ్గర అలికిడి అయింది. భర్త. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో. ముఖం చూస్తే మొదటినుంచీ ఉన్నట్టే ఉంది.

అతను భార్య వైపు చూడలేదు. నాయనమ్మ వైపు చూడలేదు.

“నాన్నా,” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఈ సంబంధం నువ్వే తెచ్చావు. నేను అమ్మాయిని చూడకముందే మాటిచ్చి వచ్చావు. ఎందుకింత తొందరని అడిగితే, మంచి కుటుంబం అన్నావు.”

మామగారు కుర్చీ వీపు పట్టుకున్నారు.

“అందుకేనా? ఆ ఇంటికి నువ్వు బాకీ ఉన్నావనా నన్నిచ్చి పెళ్లి చేశావు?”

చిట్టి మామగారి ముఖంలోకి చూసింది. ఇంజిను సంగతి, సీటు సంగతి, మ్యూజియం సంగతి అన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. కాదు అనడానికి ఒక్క మాట చాలు. తల అడ్డంగా ఊపినా చాలు.

ఆయన కొడుకు వైపు చూశారు. కోడలి వైపు చూశారు. తర్వాత కళ్లు దించుకున్నారు.